మరలివచ్చు కొయ్య

కథలలోని వీరునకు ఖడ్గముండును, విల్లుండును, డాలుండును. వానిని గూర్చి చెప్పవలసినదంతయు కవులు చెప్పియే యున్నారు. నేడు మేము ప్రస్తావింపదలచినది వాని సరసన నిలుచుటకు కొంచెము సంకోచపడు వస్తువు: వంగిన యొక కొయ్యముక్క. విసరినచో పోవును, పోయి మరల చేతికి వచ్చును. బూమరాంగు అని దాని పేరు. జపాను దేశమున క్యోటో నగరమునందలి నింటెండో సంస్థవారు 1986వ సంవత్సరము ఫిబ్రవరి మొదలుకొని వెలువరించుచు వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' అను వీడియో ఆటల వరుసలో ఈ కొయ్యముక్క మాటిమాటికి కనబడుచుండును. ఖడ్గమును గూర్చి ఆ ఆటల అభిమానులు గంటల తరబడి మాటలాడుదురు. బూమరాంగును గూర్చి మాటలాడువారు తక్కువ. అయినను ఆ ఆటలను మొదటినుండి వరుసగా పరిశీలించినచో, వాని స్వభావమును ఖడ్గముకంటె ఈ చిన్న పరికరమే స్పష్టముగా తెలుపునని మా అభిప్రాయము.

ఆటను ఎరుగని శ్రోతలకు రెండు మాటలు చెప్పెదము. హైరూల్ అనునది రాజ్యము. జెల్డా రాజకుమారి. గానన్ దుష్టుడు. లింకు ఆకుపచ్చని దుస్తులు ధరించిన బాలుడు. కథ ఇంతే, మన పేదరాసి పెద్దమ్మ కథలకు ఇది దూరపు చుట్టము కాకపోదు. ఆటాడువారు చేతిలోని మీటలను నొక్కుచు తెరపై లింకును నడుపుదురు. అడవులు, కొండలు, గుహలు తిరిగి, నేలక్రింది చీకటి గదులలో దాగియున్న పరికరములను ఒకటొకటిగా సంపాదించుటయే ఆటలో ముఖ్యమైన పని. తొలి ఆటకు దర్శకులు ఇరువురు: మియమోటో షిగేరు, తెజుకా తకాషి. తన బాల్యమున పల్లెపట్టున కొండలను, గుహలను చూచుచు తిరిగిన అనుభవమే ఈ ఆటకు ప్రేరణ యైనదని మియమోటో పలుమారులు చెప్పియున్నారు. క్రొత్త చోటునకు పోవుట, అచ్చట దొరకిన వస్తువుతో అంతకుమున్ను చేయలేని పనిని చేయుట - ఈ రెండును ఆ ఆటకు ఊపిరి.

ఇక బూమరాంగు విలువ తెలియవలెనన్నచో, ఆ తొలి ఆటలో దూరముననున్న శత్రువును కొట్టుటకు లింకునకు గల ఇతర సాధనములను ముందుగా లెక్కింపవలెను. లింకు ప్రాణబలము ఎఱ్ఱని హృదయముల రూపమున తెరపై కనబడుచుండును. అవి నిండుగా నున్నంతసేపు ఖడ్గమును ఝళిపించినచో దాని మొననుండి కాంతి వెడలి దూరముననున్నవానిని తాకును. దెబ్బతిని ఆ హృదయములు తరిగినచో కాంతి వెడలదు. అనగా ఆపదలో ఉన్నవానికే ఆ సహాయము అందదు. విల్లు కలదు; కాని బాణము విడిచినపుడెల్ల సంచిలో ఒక నాణెము తగ్గును. ఆ నాణెమునకు పేరు 'రూపీ' అగుట మన చెవికి వింతగా తోచును. సంచి ఖాళీయైనచో విల్లు వట్టి కఱ్ఱ. బాంబులు కలవు, మొదట ఎనిమిదికి మించి మోయుటకు వీలులేదు, ప్రేలినవి ప్రేలినట్లే పోవును. ధనవంతునకు ఒక ఆయుధము, ఆరోగ్యవంతునకు ఒక ఆయుధము. గాయపడి, చేత కాసు లేక చీకటి గదిలో చిక్కినవానికి ఏది దిక్కు? అట్టివానికై ఉన్నది బూమరాంగు. అది కాసు అడుగదు, ప్రాణబలమును అడుగదు, తరుగదు. మొదటి దుర్గములో దొరకిన నాటినుండి కడపటి దుర్గము వరకు, ఎన్ని వందల పర్యాయములు విసరినను తిరిగి చేతికి వచ్చుచునే యుండును.

మరి దానికి మూల్యమే లేదా? కలదు, అది కాలము. కొయ్య చేతినుండి వెడలిన తరువాత తిరిగివచ్చువరకు రెండవమారు విసరుటకు వీలులేదు. అందుచేత గుఱి తప్పినవాడు ఒకటి రెండు లిప్తలు వేచి యుండవలెను. ఈలోపల శత్రువు సమీపించును. ఆటాడు పిల్లలకు ఈ లెక్క ఎవరును చెప్పనక్కఱలేదు. దగ్గఱి గోడకు విసరినచో త్వరగా వచ్చును, దూరమునకు విసరినచో ఆలస్యముగా వచ్చును అని వారి వ్రేళ్లే కనుగొనును.

ఇంతకంటె గమనింపదగిన సంగతి వేరొకటి యున్నది. ఈ ఆయుధము పెక్కు శత్రువులను చంపదు. తగిలినవాడు కొంతసేపు నిశ్చేష్టుడై నిలిచిపోవును, అంతే. గబ్బిలముల వంటి అల్పప్రాణులు మాత్రమే దీని దెబ్బకు చచ్చును. నిలిచిపోయినవానిని ఖడ్గముతో కొట్టవచ్చును, లేదా వానిని అట్లే విడిచి తలుపు దాటి పోవచ్చును. ఏది చేయుటయు ఆటాడువాని ఇష్టము. అదియునుగాక, నేలపై పడియున్న నాణెమునకో హృదయమునకో తగిలినచో దానిని తనతో తీసికొని వచ్చి చేతిలో పెట్టును. కావున ఇది సగము ఆయుధము, సగము పొడుగైన చేయి. వీడియో ఆటలన్నియు చంపుటయే నేర్పునని కోపగించు పెద్దలు మన యిండ్లలో కలరు. వారి కోపమునకు కారణములు లేకపోలేదు. అయినను ఆ పెద్దలు పిల్లవాని ప్రక్కన కూర్చుండి ఈ కొయ్య చేయు పనిని ఒక గడియసేపు చూడవలెనని మేము కోరుచున్నాము. వాడు ఎంతమందిని చంపినాడని గాక, ఎంతమందిని ఆపి తప్పించుకొని పోయినాడని లెక్కించినచో ఆట వేరుగా కనబడును.

ఆ కొయ్య లింకు చేతికి వచ్చు విధము కూడ చిత్రమైనది. మొదటి దుర్గములోనే గోరియాలను వింతప్రాణులు ఎదురగును. బూమరాంగు వాని ఆయుధము. వచ్చినవాడు మొదట దాని దెబ్బ తినును, లేదా డాలు అడ్డము పెట్టి తప్పించుకొనును. అది పోయి మరల గోరియా చేతికే చేరుటను కన్నులార చూచును. వానిని ఓడించిన పిమ్మటనే ఆ గదిలో బూమరాంగు లభించును. కావున దానిని వాడు విధమును తెలుపుటకు పుస్తకముతో పనిలేదు; శత్రువే ఉపాధ్యాయుడు. రెండవ దుర్గములో నీలవర్ణపు గోరియాల వద్ద ఇంకొకటి దొరకును. మొదటిది కొంతదూరమే పోవును. ఈ రెండవది తెర అంచువరకు పోయి వచ్చును.

ఇచ్చట ఆటను కొంచెముసేపు విడిచి, అసలు వస్తువును గూర్చి చెప్పుట న్యాయము. బూమరాంగు అను మాట ఆస్ట్రేలియాలో సిడ్నీ పరిసరములందలి ఆదివాసుల ధారుగ్ భాషనుండి వచ్చినది. దక్షిణ ఆస్ట్రేలియాలోని వైరీ చిత్తడినేలలో 1973లో బయల్పడిన బూమరాంగులు సుమారు పదివేల సంవత్సరముల నాటివి. అయితే ఆ ఖండమునందలి ఆదివాసులందఱును దీనిని వాడినవారు కారు. వాడినవారిలోను వేటకు వాడు బరువైన కొయ్య తిరిగివచ్చునది కాదు. అది తిన్నగా పోయి జంతువును కొట్టి పడగొట్టవలసినది. మన పొరుగున తమిళదేశపు వళరి కూడ విసరుటకు వాడు వంపుటాయుధమే. తిరిగివచ్చు తేలికైన కొయ్యను ఆస్ట్రేలియావారు వినోదమునకును, పక్షులను బెదరించి వలలోనికి తోలుటకును వాడిరి.

అది ఏల తిరిగివచ్చును? దాని రెండు రెక్కలును విమానపు రెక్కలవలె ఒకవైపు ఉబ్బెత్తుగా చెక్కబడి యుండును. దానిని పళ్లెమువలె అడ్డముగా గాక, ఇంచుమించు నిలువుగా పట్టి, గిరగిర తిరుగునట్లు విసరవలెను. తిరుగుచు ముందుకు పోవునపుడు పైనున్న రెక్క పోవు దిక్కునకే కదలుచుండును గనుక గాలిని ఎక్కువ వేగముతో కోయును. క్రిందనున్న రెక్క వెనుకకు కదలుచుండును గనుక తక్కువ వేగముతో కోయును. కావున పైభాగముపై గాలిత్రోపు హెచ్చుగా నుండును. తిరుగని వస్తువైనచో ఆ హెచ్చుతగ్గులకు ఒరిగి పడిపోవును. తిరుగుచున్న వస్తువు పడిపోక, మలుపు తిరుగును. పల్లెలలో పిల్లలు దొర్లించు చక్రమును చూచినవారికి ఇది తెలియనిది కాదు: పరుగెత్తుచున్న చక్రము ఒకవైపునకు ఒరిగినచో వెంటనే కూలదు, ఆ వైపునకే వంపు తిరిగి పోవును. ఆ విధముగనే బూమరాంగు క్షణక్షణమును కొంచెము కొంచెముగా తిరిగి, పెద్ద వలయమును గీచి, విసరినచోటికి వచ్చును.

దీనినిబట్టి ఆటలోని బూమరాంగు రెండు అసత్యములు చెప్పుచున్నదని స్పష్టమగును. నిజమైన కొయ్య విసరిన చోటికి వచ్చును గాని విసరిన మనిషిని వెదకికొనుచు రాదు. లింకు కొయ్య యట్లు కాదు. అతడు ఈలోపల ఎచ్చటికి పరుగెత్తినను అచ్చటికే వచ్చి చేతిలో వ్రాలును. రెండవది ఇంతకంటె పెద్దది. నిజమైన కొయ్య దేనినైనను తాకినచో దాని భ్రమణము చెడి అచ్చటనే పడిపోవును. తాకుట, తిరిగివచ్చుట - ఈ రెంటిలో నొకటియే సాధ్యము. లింకు కొయ్య శత్రువును తాకియు వచ్చును. ఈ విద్య ఆస్ట్రేలియా ఆదివాసులది కాదు. మన పురాణములకు చిరపరిచితమైనది. శిశుపాలుని శిరమును ఖండించిన సుదర్శనము, రావణుని కూల్చి అమ్ములపొదిని చేరిన రామబాణము ఈ జాతివే. జపాను శిల్పులు మన పురాణములను చూచి చేసిరని మేము చెప్పుట లేదు. విడిచినది పని నెరవేర్చుకొని తిరిగి రావలెనను కోరిక ఏ దేశపువానికైనను కలుగునదే. కాని పేరు ఒక జాతివారి నుండి తీసికొని, ఆ జాతివారి ప్రస్తావన కథలో ఎచ్చటను లేకుండుట గమనింపదగినది. బొమ్మల దుకాణములలో అమ్ముడగు ప్లాస్టిక్ బూమరాంగుల విషయమునను ఇంతే గనుక ఈ ఒక్క ఆటనే తప్పుపట్టుట న్యాయము కాదు. అయినను పేరు ఎవరిదో పిల్లలకు చెప్పుట పెద్దల వంతు.

తరువాతి ఆటలలో ఈ కొయ్య చరిత్ర సమముగా సాగలేదు. 1987 నాటి రెండవ ఆటలో అది లింకు చేతికి రానేలేదు. గోరియాలు మాత్రము విసరుచునే యుండెను. 1991లో వెలువడిన 'ఎ లింక్ టు ద పాస్ట్' అను ఆటలో మరల దొరకినది. ఆ ఆటలో ఒక జలపాతము వెనుక గుహలో కొలను కలదు. దానిలో బూమరాంగును విసరినచో జలదేవత వంటి యొకతె పైకివచ్చి, ఇది నీవు పడవేసినదేనా యని యడుగును. అవునని నిజము చెప్పినవానికి నీలపు కొయ్యకు మారుగా, ఇంకను దూరము పోవు ఎఱ్ఱని కొయ్య నిచ్చును. కట్టెలవాడు, నదిలో పడిన గొడ్డలి కథను పాఠశాలలో చదివినవారు ఆ గుహలో తమ యింట నున్నట్లే భావింతురు. 1993 నాటి 'లింక్స్ అవేకెనింగ్' ఆటలో చాల వస్తువుల మారకము జరిగిన మీదట, కంటికి కనబడని ఒక గోరియా ఒక భూతద్దము మూలమున బయల్పడి, మన వద్దనున్న వేరొక పరికరమును తీసికొని తన బూమరాంగును ఇచ్చును. 1986లో కొట్టి తీసికొన్న వస్తువును ఇచ్చట బేరమాడి తీసికొనుట మాకు నచ్చినది.

అన్నింటిలోను 1998లో వచ్చిన 'ఒకరీనా ఆఫ్ టైమ్' దగ్గఱ కొంచెము నిలువవలెను. ఆ ఆటలో లింకు తొలుత బాలుడు. ఒక మహామత్స్యపు కడుపులో ప్రవేశించి అచ్చట బూమరాంగును సంపాదించును. తరువాత ఒక దివ్యఖడ్గమును పెఱికిన క్షణమున ఏడు సంవత్సరములు గడచిపోవును. నిద్రలేచునప్పటికి అతడు యువకుడు. సంచి తెరచి చూచినచో బూమరాంగు అందులోనే యున్నది, కాని దానిని చేపట్టుటకు వీలులేదు. అది బాలుని పరికరము. యువకునకు విల్లు కలదు, గొలుసుతో దూసుకొనిపోవు కొక్కెము కలదు. ఆ కొక్కెము దూరమున నున్న దూలమునకు తగులుకొని యువకుని అచ్చటికి లాగికొనిపోవును. బాలుని కొయ్య లోకమును చేతివద్దకు తెచ్చినది. యువకుని కొక్కెము మనిషినే లోకము వద్దకు ఈడ్చుకొనిపోవుచున్నది. ఈ భేదమును ఆటలో ఎవరును నోటితో చెప్పరు. ఖడ్గమును తిరిగి రాతిలో నాటినచో లింకు మరల బాలుడగును. అపుడు సంచిలోని కొయ్యయు మరల పనికివచ్చును. యౌవనమున చేతికందనిచోట చూచి విడిచిన వస్తువును బాల్యమునకు పోయి తెచ్చుకొనవచ్చుననుట ఆ ఆటలోని గొప్ప ఊహ. కొయ్య లేకున్నచో అది ఇంత స్పష్టముగా మనసునకు ఎక్కెడిది కాదు.

2002 నాటి 'ద విండ్ వేకర్'లో ఒక్క విసరులో ఐదు గుఱులవరకు కొట్టు శక్తి దానికి వచ్చినది. 2006 నాటి 'ట్వైలైట్ ప్రిన్సెస్'లో ఒక వాయుదేవత దానిలో నివసించి, గాలిమరలను త్రిప్పును, దీపములను ఆర్పును. ఇవి చూచుటకు వేడుకగానే యున్నవి గాని, కొయ్యకు ఆడంబరము హెచ్చినదేగాని విసరువానికి క్రొత్త పని కలిగినదని మేము అనుకొనము.

క్రొత్త పని కలిగినది 2007లో. 'ఫాంటమ్ అవర్‌గ్లాస్' అను ఆట రెండు చిన్న తెరలు గల చేతియంత్రముపై వచ్చినది. క్రింది తెరను పుల్లవంటి కలముతో తాకి ఆడవలెను. బూమరాంగును విసరుటకు ముందు, అది పోవలసిన దారిని ఆ కలముతో తెరపై గీయవలెను. మూల తిరిగి, స్తంభమును చుట్టి, గోడవెనుకనున్న మీటను తాకి రావలెనన్నచో ఆ గీత అంతయు ఆడువాని చేతివ్రాత. తిన్నగా పోయి తిన్నగా వచ్చిన 1986 నాటి కొయ్యకు ఇరువది యొక్క సంవత్సరముల తరువాత వంపు దారి దొరకినది. అది ప్రకృతి గీచిన వలయము కాదు, పిల్లవాడు గీచినది. గీత వంకర పోయినచో కొయ్యయు వంకరగానే పోవును, నింద యంత్రముపై మోపుటకు తావులేదు. 2013 నాటి 'ఎ లింక్ బిట్వీన్ వరల్డ్స్'లో మఱియొక వింత జరిగినది. అందు పరికరములను రావియో అను వర్తకుడు అద్దెకిచ్చును. లింకు పోరాటమున పడిపోయినచో అద్దెకు తెచ్చినవన్నియు వర్తకుని అంగడికి పోవును. బూమరాంగు తిరిగిపోవుచున్నదే, కాని ఈ పర్యాయము విసరినవాని చేతికి కాదు, యజమాని చేతికి.

పెద్ద మార్పు 2017 మార్చి నెలలో వెలువడిన 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'తో వచ్చినది. అందు ఆయుధములలో చాలభాగము వాడినకొలది అరిగి విరిగిపోవును. బూమరాంగునకును ఆ నియమము వర్తించును. ముప్పది సంవత్సరములు పేదవానికి తరుగని ఆస్తిగా నున్న వస్తువు ఒక్కనాట తరుగు వస్తువైనది. ఆటాడువారిలో ఎందఱో ఈ విఱుగుడును నిందించిరి. ఖడ్గము విరుగుటను మేము అంతగా పట్టించుకొనము. అది దొరకు చోట్లు చాల కలవు. బూమరాంగు విరుగుట మాత్రము మాకును కష్టముగనే తోచినది. కాని అదే ఆటలో దాని సంగతి ఇంకొకటి కలదు. దానిని చూచిన పిమ్మట మా కష్టము కొంత తగ్గినది. వెనుకటి ఆటలలో కొయ్య తనంతట చేతిలో వ్రాలెడిది. ఇందులో అది తిరిగివచ్చు క్షణమున మీట నొక్కి పట్టుకొనవలెను. పట్టనిచో లింకును దాటిపోయి నేల పాలగును. విసరుట ఎంత విద్యయో పట్టుట అంత విద్య. ఆస్ట్రేలియా మైదానములలో నిజమైన కొయ్యను విసరినవారు ఎల్లవేళల ఎరిగిన ఈ సత్యమును ఆట మొదటిసారి ఒప్పుకొన్నది. ఇచ్చటను ఆ కొయ్యను మొదట శత్రువు చేతనే చూతుము. గోరియాలకు బదులు బల్లివంటి మొగముగల లిజాల్ఫోసులు దానిని విసరును. వానినుండి సంపాదింపవలసినదే.

2023లో వచ్చిన 'టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్'లో దొరకిన ఏ వస్తువునైనను బూమరాంగునకు అతికించి విసరవచ్చును. పాత ఆటలలో పెరిగి ఇపుడు తమ పిల్లలతో కూడి ఆడుచున్నవారికి ఈ అతుకులకంటె ఆ పట్టుటయే కష్టము. 1986 నాటి అలవాటు వారి బొటనవ్రేలిలో నిలిచియున్నది. విసరిన పిమ్మట అది తనంతట వచ్చునని వారు మీట మాటను మరతురు. కొయ్య చెవిప్రక్కనుండి దూసికొనిపోయి గడ్డిలో పడును. ప్రక్కన కూర్చున్న పిల్లవాడు నవ్వుచు చేయి చూపుచుండగా, లింకు వెనుకకు తిరిగి దానిని వెదకికొనుచు పోవును.